ఆ ఊళ్లో తుప్పే మందు!

బోరింగు కొడితే నీళ్లు అద్దంలా తేటగా వస్తాయి. వాసన లేదు, రుచిలో తేడా లేదు. అయినా అందులో ఆర్సెనిక్ ఉంటుంది. బెంగాల్ పల్లెల్లో తరాల తరబడి మనుషుల ఒంట్లోకి చేరిన ఆ విషాన్ని పట్టడానికి అశోక్‌నగర్ చుట్టుపక్కల ఊళ్లు బోరింగుకు ఆనించి ఓ స్టీలు స్తంభాన్ని నిలబెట్టాయి. దాని లోపల ఉండేదల్లా కాసిని తెల్లటి గుళికలు, కాస్త తుప్పు!

కోల్‌కతాలోని సియాల్దా స్టేషన్లో బన్‌గావ్ లోకల్ ఎక్కి కిటికీ పక్కన సీటు సంపాదించడమంటే మాటలు కాదు. ఠాకూర్‌నగర్ బంతిపూల మూటలు మహానగరానికి చేరేది ఈ దారిలోనే, కూరగాయల గంపలూ ఆఫీసు జనమూ వచ్చేదీ ఈ దారిలోనే. ఆ తొక్కిసలాటలోనే మెడకు డబ్బాల పెట్టె తగిలించుకుని ఝాల్‌ముడి అమ్మేవాళ్లు వచ్చేస్తారు. మన మసాలా మరమరాలకు కాస్త ఆవనూనె ఘాటు తగిలిస్తే అదే ఝాల్‌ముడి! బారాసాత్ దాటేసరికి ఊపిరి ఆడుతుంది. పట్టాలకు రెండువైపులా చెరువులు మొదలవుతాయి. ఒకటీ రెండూ కాదు, నాలుగిళ్లకో చెరువు. దాన్ని వాళ్లు ‘పుకుర్’ అంటారు. దారిలో వచ్చే దత్తపుకుర్ స్టేషన్‌కి ఆ పేరు ఊరికే రాలేదు. ఆ తర్వాత బీరా, గుమా... ఆపైన అశోక్‌నగర్ రోడ్.

ఉత్తర 24 పరగణాల జిల్లాలోని ఈ పట్టణం కథ చిత్రమైనది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇక్కడ బ్రిటిష్ వాళ్ల విమానాశ్రయం ఉండేది. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన శరణార్థుల కోసం నాటి ముఖ్యమంత్రి డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ హయాంలో ఆ నేల మీద కాలనీ వెలిసింది. యుద్ధవిమానాలు దిగిన చోట ఇళ్లూ బళ్లూ వచ్చాయి. 2020 డిసెంబరులో ఇదే అశోక్‌నగర్‌లో ఓఎన్‌జీసీ చమురు తీయడం మొదలుపెట్టడంతో పేరు దేశమంతా మోగింది. నేల కింద చమురు ఉందని జనం సంబరపడ్డారు. అయితే ఆ నేల కింద ఇంకొకటి కూడా ఉందని అప్పటికే ఇక్కడివాళ్లకు బాగా తెలుసు.

చెరువు వద్దన్నారు, బోరింగు ముద్దన్నారు

ఒకప్పుడు బెంగాల్లో తాగడానికి చెరువు నీళ్లే గతి. స్నానాలూ అక్కడే, బట్టలు ఉతకడమూ అక్కడే. కలరా, విరేచనాలు ఏటా పసిపిల్లల్ని ఎత్తుకుపోయేవి. దానికి విరుగుడుగా బోరింగులు వచ్చాయి. ముఖ్యంగా 1970ల నుంచి ఇటు పశ్చిమబెంగాల్లోనూ అటు బంగ్లాదేశ్‌లోనూ లక్షల సంఖ్యలో వేశారు. బంగ్లాదేశ్‌లో యునిసెఫ్ లాంటి సంస్థలే దగ్గరుండి ప్రోత్సహించాయి. తప్పుపట్టడానికేమీ లేదు. నేల వడకట్టిన నీళ్లలో క్రిములుండవని అందరూ నమ్మారు. నిజంగానే క్రిములు లేవు. ఆర్సెనిక్ ఉందేమోనని వెతకాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

1983లో కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌కి 24 పరగణాల నుంచి కొందరు రోగులు వచ్చారు. ఛాతీ మీదా వీపు మీదా వానచినుకులు పడ్డట్టు మచ్చలు. అరచేతులూ అరికాళ్లూ గట్టిపడి, బొడిపెలు కట్టి ఉన్నాయి. చర్మవైద్యుడు డాక్టర్ కె.సి.సాహా వాటిని చూసి, ఇది ఆర్సెనిక్ పనేనని గుర్తించారు. 1988 నుంచి జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయానికి చెందిన దీపాంకర్ చక్రవర్తి బృందం ఊరూరా తిరిగి బోరింగుల నీళ్లు సీసాల్లో పట్టడం మొదలుపెట్టింది. 2018లో కన్నుమూసే వరకూ ఆయన ఆ పని విడిచిపెట్టలేదు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చిన ఓ వ్యాసం బంగ్లాదేశ్ పరిస్థితిని చరిత్రలోకెల్లా అతిపెద్ద సామూహిక విషప్రయోగంగా వర్ణించింది. నాటి పన్నెండున్నర కోట్ల జనాభాలో మూడున్నర కోట్ల నుంచి ఏడు కోట్ల డెబ్భై లక్షల మందికి ప్రమాదం ఉందని అంచనా కట్టింది.

ఈ విషం ఒక్క రోజులో చంపదు. ఏళ్లు పడుతుంది. మొదట మచ్చలు, తర్వాత బొడిపెలు, కొందరిలో చర్మానికీ మూత్రాశయానికీ ఊపిరితిత్తులకూ క్యాన్సర్లు. అంతకన్నా ముందే మరో కష్టం వచ్చిపడుతుంది. మచ్చల్ని చూసి కుష్ఠు అనుకుని ఇరుగుపొరుగు దూరం జరుగుతారు. ఆడపిల్లకు సంబంధం కుదరదు, కుదిరింది తప్పిపోతుంది. నీళ్లు కాచి తాగితే పోదా అని అడుగుతారు కొత్తగా విన్నవాళ్లు. పోదు సరికదా, నీళ్లు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలినవాటిలో ఆర్సెనిక్ పాళ్లు పెరుగుతాయి. క్రిముల్ని ఆపే క్యాండిల్ ఫిల్టరూ దీన్ని ఆపలేదు.

ఇంతకీ అది నీళ్లలోకి ఎలా వచ్చింది? ఏ ఫ్యాక్టరీ వాళ్లో వదిలింది కాదు. వేల ఏళ్లుగా హిమాలయాల నుంచి నదులు మోసుకొచ్చిన ఒండ్రులోనే ఉంది. ఇసుక రేణువుల మీద ఇనుప తుప్పు పొరలా పట్టి ఉంటుంది, ఆర్సెనిక్ ఆ తుప్పుకు అతుక్కుని ఉంటుంది. అలా ఉన్నంతకాలం ఎవరికీ హాని లేదు. కానీ మట్టి కింద పూడుకుపోయిన ఆకూ అలమూ కుళ్లి, గాలి ఆడని చోట సూక్ష్మజీవులు ఆ తుప్పును కరిగించేస్తాయి. తుప్పు కరిగితే ఆర్సెనిక్ పట్టు జారి నీళ్లలో కలుస్తుంది. అందుకే ఈ బోరింగుల నీళ్లలో ఇనుమూ ఎక్కువే. బిందెలో పట్టి కాసేపు ఉంచితే అడుగున ఎర్రగా పేరుకుంటుంది. పక్కపక్క ఇళ్ల బోరింగుల్లో కూడా ఒకదాంట్లో విషం ఉండొచ్చు, రెండోదాంట్లో లేకపోవచ్చు. పరీక్ష చేస్తేనే తెలిసేది.

స్తంభం లోపల ఏం జరుగుతుంది?

నేల కింద గాలి లేక విడిపోయిన జంటను నేల మీద గాలి తగిలించి మళ్లీ కలపడం, ఇదే అశోక్‌నగర్ స్తంభం సూత్రం. హౌరా దగ్గర శిబ్‌పూర్‌లోని బెంగాల్ ఇంజినీరింగ్ కాలేజీ, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయం కలిసి దీన్ని తయారుచేశాయి. లీహైలో ప్రొఫెసర్ అరూప్ సేన్‌గుప్తా ఈ పనికి ముందు నిలిచారు. మొదటి స్తంభం 1997లో వచ్చింది. 2005 నాటికి 135కి పైగా ఊళ్లలో నిలిచాయి. ఒక్కోటీ రెండు మూడు వందల కుటుంబాలకు నీళ్లిచ్చేలా రూపొందించారు.

చూడ్డానికి గొప్పగా ఏమీ ఉండదు. మనిషికన్నా కాస్త ఎత్తుగా, పొడుగాటి పాలక్యాను లాంటి స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం. కరెంటు అక్కర్లేదు, రోజూ కలపాల్సిన రసాయనాలూ లేవు. బోరింగు కొట్టిన ఊపుకు నీళ్లు పైకెక్కి, మూత కింద జల్లులా చిమ్ముతాయి. ఆ చిమ్మడమే కీలకం. గాలి తగలగానే నీళ్లలో కరిగి ఉన్న ఇనుము తుప్పై పై అరలో నిలుస్తుంది, నిలుస్తూ కొంత ఆర్సెనిక్‌ని తనతో పట్టేసుకుంటుంది. తప్పించుకున్నది కింద అరలోకి దిగుతుంది. అక్కడ సుమారు వంద లీటర్ల యాక్టివేటెడ్ అల్యూమినా గుళికలుంటాయి. సగ్గుబియ్యం లాంటి తెల్లటి గుళికలవి. మిగిలిన విషం వాటిని దాటి పోలేదు.

దీన్ని పాఠ్యపుస్తకాల్లో అధిశోషణం అంటారు. స్పాంజి నీటిని లోపలికి పీల్చుకుంటుంది, అది శోషణం. చేలో నడిస్తే చీర అంచుకు పల్లేరుకాయలు అంటుకుంటాయి చూడండి, అది అధిశోషణం! లోపలికి పోదు, పైనే అతుక్కుంటుంది. మరి అంత జాగా ఎక్కడిదంటారా? ఈ గుళికల నిండా కంటికి కనిపించని సందులూ గొందులూ ఉంటాయి. ఒక్క గ్రాము గుళికల్లోని గోడలన్నీ విప్పి పరిస్తే రెండు వందల గజాల ఇంటి స్థలాన్ని కప్పేయొచ్చు. అందుకే వంద లీటర్ల గుళికలు సగటున పది లక్షల లీటర్ల నీటిని శుద్ధి చేసి గానీ అలసిపోవు. అప్పుడు కూడా వాటిని పారేయనక్కర్లేదు. కాస్టిక్ సోడా ద్రావణంతో కడిగితే పట్టుకున్న ఆర్సెనిక్‌ని వదిలేస్తాయి. పలుచటి ఆమ్లంతో ఓసారి సరిచేసి మళ్లీ గొట్టంలో పోస్తారు. ఆ కడుగుడు పని ఊళ్లో కాదు, అన్ని ఊళ్ల గుళికలకూ కలిపి ఒకేచోట చేస్తారు.

ఇక్కడి వరకూ ఇంజినీర్ల పని. ఇక ఊరి పని ఉంది.

పై అరలో తుప్పు పేరుకుంటే నీళ్లు దిగవు. కాబట్టి రోజూ ఓ పది పదిహేను నిమిషాలు నీటిని వెనక్కి తోసి కడగాలి. గుళికలు ఎప్పుడు అలసిపోతాయో కంటికి తెలియదు, కాబట్టి అప్పుడప్పుడూ నీళ్లు పరీక్షకు పంపాలి. అడుగున వాల్వు కారితే మార్పించాలి. వీటన్నిటికీ మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి. అందుకే స్తంభం పెట్టిన చోటల్లా ముందు ఊరి కమిటీ వేశారు. ఇంటింటి నుంచీ నెలకు కొద్ది రూపాయల చందా వసూలు చేయడం, కేర్‌టేకర్‌ని పెట్టుకోవడం, మరమ్మతు చేయించుకోవడం అంతా కమిటీదే. బోరింగు దాకా రాలేని ఇళ్లకు సైకిల్ వ్యాన్ మీద డబ్బాలతో నీళ్లు చేర్చే ఏర్పాటు కూడా కొన్నిచోట్ల చేసుకున్నారు. విదేశీ యూనివర్సిటీ పేరు విని గొట్టంలోని రసాయన శాస్త్రాన్నే అందరూ మెచ్చుకుంటారు గానీ, చందా పుస్తకం రాసే మనిషి లేకపోతే అది ఆర్నెల్లలో వట్టి స్టీలు డబ్బా.

జామపండ్ల ఊరు చెప్పిన సాక్ష్యం

అతిశయోక్తి అనుకుంటే సియాల్దా నుంచే దక్షిణం వైపు వెళ్లే లోకల్ ఎక్కి బారుయ్‌పూర్ వెళ్లాలి. కోల్‌కతా వాళ్లకు ఆ పేరు చెబితే జామపండ్లే గుర్తొస్తాయి. 2000ల మొదట్లో ఆ బ్లాకులో ‘టెక్నాలజీ పార్క్’ పేరుతో ఓ ప్రయోగం జరిగింది. స్వదేశీ విదేశీ కంపెనీలు పదకొండు తమ తమ ఆర్సెనిక్ ఫిల్టర్లను తెచ్చి బోరింగులకు తగిలించాయి. జాదవ్‌పూర్ బృందం రెండేళ్లపాటు ఆ నీళ్లను వదలకుండా పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లీటరుకు 10 మైక్రోగ్రాముల పరిమితిలో రెండేళ్లూ నిలబడ్డ ఫిల్టరు ఒక్కటంటే ఒక్కటి లేదు. అప్పట్లో మన దేశం అనుమతించిన 50 మైక్రోగ్రాముల లోపు నిలిచినవి రెండే! అప్పటికే రాష్ట్రంలో ఇలాంటివి 1,900 దాకా కొన్నారు, 30 లక్షల డాలర్ల ఖర్చు అయింది.

కారణాలు వింటే మన ఊళ్లలోనూ చూసినట్టే ఉంటాయి. బోరింగుల్లోంచి ఇసుక తన్నుకొచ్చి గొట్టాలు పూడుకుపోవడం, రోజువారీ కడుగుడు జరగకపోవడం, చెడితే ఎవరికి చెప్పాలో తెలియకపోవడం. మన దగ్గర ప్రారంభోత్సవం నాడు కొబ్బరికాయ కొట్టి ఆ తర్వాత తాళం పడ్డ మంచినీటి ప్లాంట్లు గుర్తుకొస్తే తప్పేం లేదు.

పట్టిన విషం ఎక్కడికి పోతుంది?

ఇది చాలామంది అడగని ప్రశ్న. లెక్క వేస్తే గుండె ఝల్లుమంటుంది. లీటరుకు 200 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉన్న బోరింగు అనుకుందాం. పది లక్షల లీటర్లంటే 200 గ్రాములు. పావుకిలోకి కాస్త తక్కువ. అదే ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్తే వందల ప్రాణాలు తీసేంత! ఊరి నీళ్లలోంచి తీసిన దాన్ని మురుగ్గుంటలోనో చెత్తకుప్పలోనో పోస్తే? గాలి ఆడని కుప్ప అడుగున మళ్లీ సూక్ష్మజీవులు చేరతాయి, తుప్పు కరుగుతుంది, ఆర్సెనిక్ బయటపడుతుంది. నేల కింద జరిగిన కథే పునరావృతం.

అందుకని అశోక్‌నగర్ పద్ధతిలో దీనికో చిన్న ఉపాయం ఉంది. కడిగిన ఎర్రనీటిని స్తంభం పక్కనే ముతక ఇసుక పడక మీదకు వదులుతారు. నీళ్లు ఇంకిపోతాయి, తుప్పు పైన ఉండిపోతుంది. గుళికలు కడిగిన కాస్టిక్ ద్రావణాన్ని కూడా అలాగే వదిలేయరు. దాంట్లోని ఆర్సెనిక్‌ని గడ్డకట్టిస్తే అర కిలోకి మించని బురద మిగులుతుంది. దాన్నీ గాలి ఆడే ఇసుక పడక మీదే ఉంచుతారు. పాతిపెట్టరు. గాలి తగులుతున్నంతకాలం తుప్పు తన పట్టు వదలదు. విషాన్ని దాచాలంటే ఎవరికైనా గొయ్యి తవ్వాలనే తోస్తుంది. ఇక్కడ మాత్రం ఆరుబయట పెట్టడమే క్షేమం!

శిబ్‌పూర్ కాలేజీ 2014 నుంచి ఐఐఈఎస్‌టీ అయింది. పక్కనే వేల ఊడలతో ఎకరాల కొద్దీ విస్తరించిన మహావటవృక్షం ఉన్న బొటానికల్ గార్డెన్. మర్రి చూడ్డానికి వచ్చే యాత్రికుల్లో చాలామందికి పక్క గోడ వెనక ఈ కథ ఉందని తెలియదు.

సరిహద్దు అవతల

అశోక్‌నగర్ పక్క నుంచి పోయే రోడ్డు పేరు జెస్సోర్ రోడ్డు. దారి పొడవునా గొడుగు పట్టినట్టు పాత నిద్రగన్నేరు చెట్లు. బన్‌గావ్, పెట్రాపోల్ మీదుగా సరిహద్దు దాటితే పేరుకు తగ్గట్టే జెస్సోర్ చేరుస్తుంది. ఇంకా పైకి వెళ్తే కుష్ఠియా. బౌల్ గాయకుల గురువు లాలన్ ఫకీరు సమాధి ఉన్న ఊరు. టాగూర్ కుటుంబపు షిలైదహ భవనమూ ఆ జిల్లాలోదే. బంగ్లాదేశ్‌లో బోరింగులకు రంగులేసిన సంగతి చాలామంది వినే ఉంటారు. 50 లక్షల దాకా బోరింగుల్ని పరీక్షించి మంచివాటికి పచ్చరంగు, విషపువాటికి ఎరుపు పూశారు. ఎరుపు పూసింది సరే, ఆ ఇంటివాళ్లు ఏ నీళ్లు తాగాలి?

కుష్ఠియాకు చెందిన, అమెరికాలో కెమిస్ట్రీ ప్రొఫెసర్‌గా ఉన్న అబుల్ హుసామ్‌కి, ఆయన తమ్ముడు డాక్టర్ మునీర్‌కి ఎదురైన ప్రశ్న ఇదే. వాళ్ల జవాబు ‘సోనో’ ఫిల్టరు. ఒకదాని మీద ఒకటి పెట్టిన బకెట్లు. పైదాంట్లో ఇసుక, ప్రత్యేకంగా సిద్ధం చేసిన ఇనుప ముక్కలు. కిందిదాంట్లో ఇసుక, బొగ్గు, ఇటుక ముక్కలు. ఇక్కడా విషాన్ని పట్టేది ఇనుప తుప్పే! 2007లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ ఇంజినీరింగ్ గ్రేంజర్ పోటీ పెడితే సోనోకు పదిలక్షల డాలర్ల బంగారు బహుమతి వచ్చింది. రెండు లక్షల డాలర్ల వెండి బహుమతి అశోక్‌నగర్ స్తంభాలు నిలిపిన సేన్‌గుప్తా బృందానిది. హుసామ్ తన సొమ్ములో డెబ్భై శాతాన్ని పేదలకు ఫిల్టర్లు పంచడానికే కేటాయిస్తానన్నారు.

మన పొరుగున మద్రాస్ ఐఐటీలో ప్రొఫెసర్ టి.ప్రదీప్ బృందం చేసిన ‘అమృత్’దీ అదే బాట. రొయ్యలు, పీతల పెంకుల నుంచి తీసే కైటోసాన్ అనే పదార్థపు పంజరంలో అతి సూక్ష్మమైన ఇనుప ఆక్సైడ్ రేణువుల్ని బంధించారు. ఒక రకంగా అదీ తుప్పే, కాకపోతే నానో తుప్పు. ప్రదీప్‌కు 2020లో పద్మశ్రీ, 2022లో సౌదీ అరేబియా ఇచ్చే ప్రిన్స్ సుల్తాన్ అంతర్జాతీయ నీటి పురస్కారం వచ్చాయి.

తెలుగువాళ్లకు ఈ స్తంభాన్ని చూస్తే నల్గొండ గుర్తుకు రాక మానదు. మనది ఆర్సెనిక్ కాదు, ఫ్లోరైడ్. నాటి నెల్లూరు జిల్లాలో, అంటే ఇప్పటి ప్రకాశం వైపు పల్లెల్లో వంకరపోయిన ఎముకల్ని వైద్యులు 1937లోనే గుర్తించి రాశారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా నల్గొండ పేరే ఉంది. అశోక్‌నగర్ గొట్టంలోని ఆ తెల్లటి అల్యూమినా గుళికలు ఫ్లోరైడ్‌నూ పట్టగలవు. విషం వేరు, గుళిక ఒకటే.

స్తంభం తీర్చలేని బాకీలు ఇంకా ఉన్నాయి. అదే నీటితో పండిన వేసవి వరి గింజల్లోకీ కొంత ఆర్సెనిక్ చేరుతుంది, పొలమంత నీటికి గుళికలు పెట్టడం కుదరని పని. అందుకే ప్రభుత్వాలు నది నీటిని శుద్ధి చేసి పైపుల్లో పల్లెలకు పంపడం మీద, మరీ లోతైన బోర్ల మీద దృష్టి పెట్టాయి. ఇంకోపక్క 2015 సవరణతో మన దేశమూ తాగునీటిలో ఆర్సెనిక్‌కు మినహాయింపుల్లేకుండా 10 మైక్రోగ్రాముల హద్దు గీసింది. వెయ్యి లీటర్ల ట్యాంకులో లెక్కపెట్టగలిగినన్ని పంచదార పలుకులంత. పాత 50 హద్దు ప్రకారం గుళికలు పది లక్షల లీటర్లకు సరిపోయేవి. కొత్త హద్దుకు అంతకన్నా ముందే వాటిని తీసి కడగాలి. కాబట్టి కమిటీ లెక్కల పుస్తకంలో ఇప్పుడు చూసుకోవాల్సింది చందా బాకీలు ఒక్కటే కాదు, నీళ్ల సీసా ల్యాబుకు వెళ్లిన తేదీ కూడా.